వేకువ దీపం: నిద్రను దారిలో పెట్టే ఒక ప్రాజెక్టు డైరీ

ఏమి చేయబోతున్నాను

పని ఇది. అలారం మోతకు బదులు, లేవాల్సిన వేళకు అరగంట ముందు నుంచి మెల్లమెల్లగా వెలుగు పెంచుకుంటూ పోయే దీపం ఒకటి సొంతంగా తయారు చేయాలి. దాన్ని ఆసరాగా పెట్టుకుని పడకగదినీ నిద్రవేళలనూ ఒక దారికి తేవాలి. దీపం కట్టడం కొద్ది సాయంత్రాల పని. మిగతాది అంత తొందరగా తెమిలేది కాదు, అందుకే డైరీ.

నిద్ర సరిగా పట్టనివాళ్లలో చాలామంది రాత్రితో కుస్తీ పడతారు. ఈ రోజు పదింటికల్లా పడుకుని తీరాలని తీర్మానించుకుంటారు. పడుకుంటారు కూడా. పదకొండున్నర దాకా ఇటు దొర్లి అటు దొర్లి, నిద్ర రాలేదన్న దిగులుతో ఉన్న కాస్త మగతనూ పోగొట్టుకుంటారు. పడుకునే వేళ మన ఇష్టం, నిద్రపట్టే వేళ కాదు. లేచే వేళ మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. కాబట్టి ఈ ప్రాజెక్టులో రాత్రి జోలికి వీలైనంత తక్కువ వెళ్తాను. పొద్దున లేచే వేళను కదలకుండా బిగిస్తే రాత్రి తనంతట తాను సర్దుకుంటుందన్నది నా పందెం.

పందేనికి ఆధారం లేకపోలేదు. నిద్రను రెండు శక్తులు కలిసి నడిపిస్తాయని 1982లో జ్యూరిక్‌లో పనిచేసే శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ ఒక నమూనా ప్రతిపాదించాడు. నలభై ఏళ్లు దాటినా నిద్ర గురించి చెప్పేవాళ్లు ఇప్పటికీ దానితోనే మొదలుపెడతారు. మొదటిది నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది, నిద్రలో తరుగుతుంది. రెండోది జీవ గడియారం. రెండు కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటుకు కాస్త పైన, మెదడు అడుగు భాగమైన హైపోథాలమస్‌లో ఉండే చిన్న కణాల గుంపు అది. దాని సొంత లెక్కలో రోజంటే 24 గంటలు కాదు, సగటున ఇంకో పది పదకొండు నిమిషాలు ఎక్కువ. ఆ తేడాను ఏ రోజుకారోజు సరిచేసేది ప్రధానంగా వెలుగు. ఉదయపు వెలుగు సోకితే ఆ రాత్రి నిద్ర త్వరగా వస్తుంది. రాత్రి వెలుగు సోకితే ఆలస్యమవుతుంది.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న సామెత మొదటి శక్తి గురించే. ఒత్తిడి బాగా పెరిగితే పరుపయినా కటిక నేలయినా ఒకటే. కానీ రెండోది ఎదురు తిరిగితే ఎంత అలసిన మనిషికైనా కన్ను మూతపడదు. రాత్రి షిఫ్టు చేసి పట్టపగలు నిద్రపోవడానికి తంటాలు పడేవాళ్లను అడిగితే చెబుతారు.

ఆదివారం: గదిని కొలవడం

కట్టడానికి ముందు కొలవాలి. బీహెచ్1750 అని గోరంత వెలుతురు సెన్సర్ ఒకటి దొరుకుతుంది, వెలుతురును కొలిచే ప్రమాణమైన లక్సుల్లోనే నేరుగా అంకె ఇస్తుంది. దాన్ని ఒక బోర్డుకు తగిలించి రోజంతా ఇల్లు తిప్పాను. బల్ల మీద పడుకోబెట్టి కొలిస్తే ఉపయోగం లేదు. వెలుగు చేరాల్సింది కంటికి కాబట్టి, కంటి ఎత్తులో, చూసే దిక్కుకు తిప్పి నిలువుగా పట్టుకోవాలి.

పగలు నేను పనిచేసుకునే బల్ల దగ్గర 140. అదే సమయంలో మబ్బు పట్టిన ఆకాశం కింద ఆరుబయట పదివేలు దాటింది. సాయంత్రం ఏడింటికి హాల్లో దీపాలన్నీ వేశాక 180. అంటే నా మెదడులోని గడియారం దృష్టిలో ఇంట్లో పగటి కంటే రాత్రే కాస్త వెలుగెక్కువ! అది నిద్రవేళ ఎప్పుడో తేల్చుకోలేకపోవడంలో వింత ఏముంది?

పోల్చి చూసుకోవడానికి మంచి కొలబద్ద ఒకటి ఉంది. ఈ రంగంలోని పరిశోధకులు కొందరు కలిసి 2022లో ఒక సిఫారసు ప్రచురించారు. పగలు కంటి దగ్గర కనీసం 250, పడుకునే ముందు మూడు గంటలు 10కి మించకుండా, నిద్రలో 1కి మించకుండా వెలుగు ఉండాలన్నది దాని సారం. అయితే ఆ లక్సులు మామూలు లక్సులు కావు. కంటి వెనక పొరలో చూపుకోసం పనిచేసే కణాలు కాక, గడియారానికి కబురు పంపే మరో రకం కణాలు ఉన్నాయని 2002లో తేలింది. వాటిలో వెలుగును పట్టే మెలనోప్సిన్ అనే పదార్థం నీలి వెలుగుకు, అంటే 480 నానోమీటర్ల చుట్టుపక్కల తరంగాలకు, ఎక్కువగా స్పందిస్తుంది. సిఫారసు ఆ కణాల లెక్కలో ఉంది. పసుపు పచ్చని వెచ్చటి బల్బు వంద లక్సులు ఇస్తే ఆ లెక్కలో యాభైకి అటూ ఇటూ మాత్రమే. నా సెన్సర్‌కు ఈ భేదం తెలియదు, కాబట్టి దాని అంకెలను అంచనాకే వాడుతున్నాను.

రాత్రి గదిలో సెన్సర్ సున్నా చూపించింది. దాన్ని నమ్మలేదు. దీపాలన్నీ ఆర్పి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా పడుకుని చూస్తే గది నిండా చిన్న చిన్న దీపాలు: ఏసీ మీద అంకెలు, ఛార్జర్ చివర పచ్చ చుక్క, స్టెబిలైజర్ మీద ఎర్ర చుక్క, అన్నిటికంటే అన్యాయంగా రౌటర్ మీద మిణుకుమనే నీలం. రౌటర్‌ను హాల్లోకి పంపించేశాను. మిగతావాటికి నల్ల టేపు. కర్టెన్ మందంగానే ఉంది గానీ, రాడ్డుకూ గోడకూ మధ్య సందులోంచి వీధి దీపం పైకప్పు మీద చారలా పడుతోంది. రాడ్డు చివరలను గోడ వైపు వంచి, గుడ్డ గోడను తాకేలా చేశాక అది పోయింది.

గాలి కూడా కొలిచాను. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షలకు 420 పాళ్లు ఉంటుంది. తలుపులూ కిటికీలూ బిగించి ఇద్దరు పడుకున్న మా గదిలో తెల్లవారేసరికి 2300. తలుపు బెత్తెడు తెరిచి ఉంచితే వెయ్యి లోపే ఉంది. డెన్మార్క్‌లో విద్యార్థుల గదుల్లో చేసిన పరీక్షల ఫలితాలు 2016లో వచ్చాయి. గాలి మారిన రాత్రుల తర్వాత నిద్ర నాణ్యతా, మర్నాటి చురుకుదనమూ మెరుగుపడ్డాయని వాటిలో తేలింది. పైసా ఖర్చు లేని మార్పు. తలుపు ఇక తెరిచే ఉంటుంది.

నిద్ర చిట్టా

చేతి గడియారాలు నిద్రకు మార్కులు వేస్తాయి. నాకూ ఒకటి ఉంది, దాన్ని ఈ ప్రాజెక్టు అయ్యేదాకా సొరుగులో పెట్టేశాను. అవి కొలిచేది చేతి కదలికనూ గుండె వేగాన్నీ. నిద్రపోయామా లేదా అన్నది అవి పర్వాలేదనిపించేలా పట్టుకుంటాయి గానీ, గాఢ నిద్ర ఎంత, కలల నిద్ర ఎంత అన్నది చాలావరకు ఊహ. అది సరిగా తేలాలంటే తలకు తీగలు అంటించి మెదడు తరంగాలను, కళ్ల కదలికలను, గడ్డం కండరాలను కలిపి నమోదు చేయాలి. మార్కులు తగ్గాయన్న బెంగతోనే నిద్ర చెడగొట్టుకునే రోగులను చూసి, 2017లో కొందరు వైద్యులు ఆ బెంగకు ఆర్థోసోమ్నియా అని పేరే పెట్టారు.

నాది కాగితం, పెన్సిలు. పడక ఎక్కిన వేళ, నిద్రపట్టి ఉండవచ్చనుకునే వేళ, మధ్యలో మెలకువలు, చివరి మెలకువ, పడక దిగిన వేళ, పగలు కునుకు తీస్తే అది, చివరి కాఫీ ఎప్పుడు తాగానన్నది. అన్నీ పొద్దున లేచాక, గుర్తున్నంతవరకు అంచనాగా రాయాలి. కచ్చితత్వం కోసం రాత్రి గడియారం చూడడం మొదలుపెడితే చిట్టాయే రోగమవుతుంది.

కొన్నాళ్లు రాశాక సగటు తీస్తే, పడకలో గడిపింది ఎనిమిదిన్నర గంటలు, నిద్రపోయింది ఆరుంపావు. భాగిస్తే 73 శాతం. వైద్యులు 85 దాటితే బాగున్నట్టు లెక్కిస్తారు. గంటల కొరత కంటే, పడక మీద మేలుకుని గడిపే కాలం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. దాని సంగతి దీపం అయ్యాక.

మంగళవారం: దీపం తొలి రూపం

సామాను: ప్రోగ్రాం నడిపే చిన్న కంప్యూటర్ లాంటి ఈఎస్‌పీ32 బోర్డు, సమయం చెప్పే డీఎస్3231 చిప్పు, పన్నెండు వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ, పట్టీకి కరెంటును తెరిచి మూసే స్విచ్చులా పనిచేసే మాస్‌ఫెట్ ఒకటి, పన్నెండు వోల్టులను ఐదుకు దించే చిన్న కన్వర్టర్, మూసి ఉన్న అడాప్టర్. ఇంటి కరెంటు నేరుగా తాకే భాగం ఏదీ నా చేతిపని కాకూడదన్నది నియమం. రాత్రంతా తల పక్కన ఉండే వస్తువు ఇది. పట్టీ వెచ్చటి రంగుది, 2700 కెల్విన్. అల్యూమినియం గాడిలో అతికించి, ముందు మసక అక్రిలిక్ పలక బిగించాను. అల్యూమినియం వేడిని పీల్చుకుంటుంది, పలక చుక్కలను కలిపి ఒకే వెలుగు చేస్తుంది.

మాస్‌ఫెట్ ఎంపికలో కాస్త జాగ్రత్త కావాలి. ఈ బోర్డు కాళ్లు ఇచ్చేది 3.3 వోల్టులే. లాజిక్ లెవెల్ అని అమ్మే చాలా రకాలు పూర్తిగా తెరుచుకోవడానికి దాదాపు ఐదు అడుగుతాయి. తక్కువ వోల్టుకు అరకొరగా తెరుచుకుని వేడెక్కుతాయి. దాని వివరాల పత్రంలో 2.5 వోల్టుల దగ్గర నిరోధం ఎంతో రాసి ఉన్నదాన్నే తీసుకోవాలి.

ఇంకొకటి, పది కిలోఓముల రెజిస్టర్. మాస్‌ఫెట్‌ను తెరిచే కాలు, అంటే గేటు నుంచి గ్రౌండుకు ఇది లేకుండా కూడా దీపం పనిచేస్తుంది, అందుకే చాలామంది వదిలేస్తారు. కానీ బోర్డు లేచి ప్రోగ్రాం మొదలయ్యేదాకా ఆ కాలు ఎటూ కాకుండా గాలిలో ఉంటుంది. అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చిందనుకోండి, ఆ క్షణంలో పట్టీ మొత్తం భగ్గున వెలగవచ్చు. నిద్ర కోసం కట్టిన దీపం చేయాల్సిన పని కాదు అది. సమయం కూడా పోకూడదు కాబట్టి డీఎస్3231 వెనక నాణెం బ్యాటరీ ఉంది. కరెంటు లేకపోయినా అది లెక్కపెడుతూనే ఉంటుంది, తప్పినా ఏడాదికి నిమిషం అటూ ఇటూ. బోర్డు లేవగానే గడియారం చదివి, ఇప్పుడు దీపం ఏ మెట్టు మీద ఉండాలో లెక్కవేసుకుంటుంది.

అంకెలు చూపే తెర పెట్టలేదు. ఇంట్లో దీని మీద చర్చ జరిగింది.

“రాత్రి మెలకువ వస్తే టైం ఎంతైందో ఎలా తెలుస్తుంది?” అన్నారు మా ఆయన.

“తెలియకూడదనే కదండీ.”

“తెలియకపోతే ఇంకా కంగారు కదా?”

ఆయనకు దిండు తగలడమే ఆలస్యం నిద్రపడుతుంది, ఆ కంగారు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. మూడున్నర అని కనిపించగానే, ఇంకా రెండున్నర గంటలే మిగిలిందన్న లెక్క మొదలవుతుంది. ఆ లెక్కే అసలు శత్రువు. తెర లేదు, గోడ గడియారం కూడా హాల్లోకి పోయింది.

గురువారం: మెట్లు కనిపిస్తున్నాయి

దీపం వెలుగుతోంది గానీ వెలిగే తీరు బాగాలేదు. చీకట్లోంచి ఉన్నట్టుండి వెలుగు పుట్టి, కాసేపాగి ఇంకో మెట్టు టక్కున ఎక్కుతోంది. తెల్లవారడం అలా ఉండదు.

కారణం లెక్కలో ఉంది. ఎల్‌ఈడీని మసకబార్చడమంటే దాన్ని చాలా వేగంగా ఆర్పి వెలిగించడమే. ఎంతసేపు వెలిగి ఉంటే అంత కాంతి. మామూలు ప్రోగ్రాంలు దీన్ని 255 మెట్లుగా విభజిస్తాయి. కానీ మన కన్ను వెలుగును సమానమైన మెట్లుగా చూడదు. చీకట్లో కొంచెం తేడా కూడా పెద్దగా కనిపిస్తుంది, వెలుగులో పెద్ద తేడా కూడా పట్టదు. అందుకే మొత్తం సమయంలో గడిచిన వంతును 2.2 ఘాతానికి పెంచి వెలుగు లెక్కకడతారు. అలా చేస్తే అరగంట ఎక్కుడులో మొదటి మెట్టు దాదాపు రెండు నిమిషాల 25 సెకన్ల దగ్గర పడుతుంది. అప్పటిదాకా చీకటే. రెండోది దాదాపు 3 నిమిషాల 20 సెకన్లకు, అంటే వెలుగు ఒక్కసారిగా రెట్టింపు. దిండు దగ్గర నా దీపం పూర్తి వెలుగు 300 లక్సులు. అందులో 255వ వంతు 1.2 లక్సు. నిండు పున్నమి వెన్నెల పావు లక్సు ఉంటుంది. అంటే కటిక చీకటి గదిలోకి నాలుగైదు పున్నములు ఒకేసారి దిగుతున్నాయన్నమాట!

మందు సులువే. 255 బదులు 8191 మెట్లు పెట్టుకోవడానికి ఈ బోర్డు ఒప్పుకుంటుంది. అప్పుడు మొదటి మెట్టు లక్సులో పాతిక వంతు, అర నిమిషానికే పడుతుంది, ఎక్కిందీ తెలియదు.

లెక్క ప్రకారం అంతే. చేతిలో ఇంకో చిన్న మెలిక వచ్చింది. మొదటి కొన్ని మెట్లకు దీపం అసలు వెలగడం లేదు. మాస్‌ఫెట్ గేటు నిండడానికి కొంత సమయం కావాలి. సెకనుకు వెయ్యిసార్లు ఆరి వెలిగే దీపంలో 8191వ వంతు అంటే సెకనులో కోటి వంతుకు కాస్త పైన. గేటు నిండేలోపే ఆ రెప్పపాటు అయిపోతోంది. కాబట్టి చీకటి గదిలో కూర్చుని, ఒక్కో అంకె పెంచుకుంటూ, మొదటి వెలుగు కంటికి తగిలే అంకె ఏదో పట్టుకున్నాను. ప్రోగ్రాంలో ఎక్కుడు ఆ అంకె నుంచే మొదలవుతుంది. ఇది ఏ పట్టికలోనూ దొరకదు, ఎవరి దీపానికి వాళ్లు చూసుకోవాల్సిందే.

వేగం కూడా తగ్గించకూడదు. సెకనుకు వంద సార్లయితే కన్ను తిప్పినప్పుడు వెలుగు చారలు చారలుగా కనిపిస్తుంది. నిద్రమత్తులో అది చిరాకు.

శనివారం: ఎక్కడ, ఎప్పుడు

మూసిన రెప్పల గుండా వెలుగు కొద్ది శాతమే లోపలికి వెళ్తుంది, అందులోనూ ఎరుపు ఎక్కువ, నీలం బాగా తక్కువ. అందుకే దీపం తలకు బాగా దగ్గరగా, ముఖం వైపు పడాలి. నేను కుడి పక్కకు తిరిగి పడుకుంటాను, కాబట్టి కుడి వైపు, దిండుకు మూరెడు దూరంలో, ముఖానికి కాస్త పైన బిగించాను. దుప్పటి ముసుగు తన్నేవాళ్లకు ఈ దీపం దండగ.

ఒకటి స్పష్టంగా అనుకోవాలి: జీవ గడియారాన్ని జరపడానికి 300 లక్సుల దీపం, మూసిన కళ్లు చాలవు. దీపం పని మత్తు వదిలించి లేపడం వరకే. గాఢ నిద్రలో ఉండగా అలారం మోగితే తల దిమ్ముగా ఉండి, ఆ మత్తు అరగంట దాకా వదలదు. వెలుగు మెల్లగా పెరిగితే నిద్ర ముందే తేలికవుతుంది. గడియారాన్ని జరిపేది లేచాక ఆరుబయట గడిపే అరగంట. కొలతల్లో చూసిన పదివేల లక్సులు అక్కడే ఉన్నాయి, ఊరకనే.

వేళ కూడా ఇష్టం వచ్చినట్టు పెట్టకూడదు. శరీరం లోపలి ఉష్ణోగ్రత రాత్రి తగ్గుతూ వచ్చి, మామూలుగా లేచే వేళకు రెండు మూడు గంటల ముందు అట్టడుగుకు చేరుతుంది. దాని తర్వాత పడిన వెలుగు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, దానికి ముందు పడితే వెనక్కి నెడుతుంది. ఎనిమిదింటికి లేచేవాళ్లు రేపటి నుంచి నాలుగున్నరకే లేస్తానని దీపాలన్నీ వేసుకుంటే పని వికటించవచ్చు. నేను ఏడున్నర నుంచి ఆరుకు రావాలి. పావుగంట చొప్పున జరుపుకుంటూ వస్తున్నాను.

తర్వాతి వారం: సాయంత్రం

ఇక్కడ చేయాల్సినవి అందరికీ తెలిసినవే, కాబట్టి క్లుప్తంగా. రాత్రి ఎనిమిది దాటాక పైకప్పు దీపాలు బంద్. నడుము ఎత్తుకు దిగువన రెండు వెచ్చటి బల్బులు. కంటి దగ్గర సెన్సర్ 15 చూపుతోంది, నీలం తక్కువ కాబట్టి సిఫారసు లెక్కలో పదికి లోపే. ఫోను వెలుగు గురించి లోకం గోల పెడుతుంది గానీ, నా కొలతల్లో మసకగా పెట్టిన ఫోను కంటే ట్యూబులైటే పెద్ద దోషి. ఫోనుతో అసలు చిక్కు దాని వెలుగు కాదు, అందులో ఉన్నది చదవడం ఆపలేకపోవడం.

కాఫీ: కెఫీన్ అడినోసిన్‌ను తగ్గించదు. అది కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది, అంతే. ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది, మనకు తెలియదు. తాగినదాంట్లో సగం పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఇంకా ఎక్కువ కూడా. సాయంత్రం ఐదింటి కప్పులో సగం రాత్రి పదింటికి ఇంకా రక్తంలోనే ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత మానేశాను. మొదట రెండు మూడు రోజులు తలనొప్పి, తర్వాత ఏమీ లేదు. మద్యం ముందు నిద్ర తెప్పించినట్టే తెప్పించి తెల్లవారుజామున కలత పెడుతుంది, కలల నిద్రను కోస్తుంది. మా ఇంట్లో ఆ ఊసు లేదు కాబట్టి పరీక్షించాల్సింది లేకపోయింది.

వేడి నీళ్ల స్నానం పడుకునే ముందు కాదు, గంటా రెండు గంటల ముందు. వేడికి చేతుల్లో, పాదాల్లో రక్తనాళాలు విప్పారి లోపలి వేడి బయటికి పోతుంది. ఆ చల్లబడటమే నిద్రకు పిలుపు.

ఇంకో వారం: పడకలో గడిపే గంటలు

73 శాతం సంగతికి వచ్చాను. ఇది ఈ ప్రాజెక్టులో కష్టమైన భాగం, దీపంతో సంబంధం లేనట్టు కనిపించినా దీపం లేకపోతే చేయలేనిది.

పద్ధతి 1987లో నిద్ర పరిశోధకుడు ఆర్థర్ స్పీల్‌మన్ బృందం ప్రచురించింది. వినడానికి తలకిందులుగా ఉంటుంది: నిద్ర చాలనివాళ్లు పడకలో ఉండే సమయాన్ని తగ్గించుకోవాలి. చిట్టాలో సగటున ఆరుంపావు గంటల నిద్ర ఉంటే, పడకలో దాదాపు అంతే సమయం ఉండాలి. లేచే వేళ కదలదు, పడుకునే వేళ వెనక్కి పోతుంది. నిద్ర ఒత్తిడి పేరుకుని, పడక ఎక్కగానే నిద్ర ముంచుకొచ్చే స్థితి వస్తుంది. 85 శాతం దాటాక పావుగంట చొప్పున పెంచుకుంటూ పోతారు. మామూలుగా ఐదు గంటల కంటే తగ్గించరు. దీనికి తోడు 1972లో మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్‌జిన్ చెప్పిన నియమం: నిద్ర రాకపోతే పడక దిగి వేరే గదికి వెళ్లాలి, మళ్లీ మగత కమ్మాకే రావాలి. పడక అంటే దొర్లే చోటు అని మనసుకు పడిపోయిన అలవాటును అలా విడదీస్తారు. ఇవన్నీ కలిపిన చికిత్సనే దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం సూచించింది.

మూర్ఛ ఉన్నవాళ్లు, బైపోలార్ సమస్య ఉన్నవాళ్లు, బండి నడపడమో ఎత్తుల మీద పనో వృత్తిగా ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా చేయకూడదు. నేనూ నిద్ర వైద్యురాలిని కలిసి, చిట్టా చూపించి మొదలుపెట్టాను. మొదటి దశ అయ్యేదాకా బండి తాళాలు మా ఆయన దగ్గర.

పదకొండున్నరకు పడక, ఆరింటికి దీపం. కష్టం పొద్దున కాదు, రాత్రి పది నుంచి పదకొండున్నర దాకా. సోఫాలో ఒరిగితే చాలు ఒత్తిడంతా అక్కడే కారిపోతుంది. అందుకని నిలబడి చేసే పనులు పెట్టుకున్నాను: బట్టలు మడతపెట్టడం, అలమర సర్దడం. ఇల్లు ఇంత శుభ్రంగా ఎన్నడూ లేదు. పగలు ఆవలింతలు, చిరాకు, ఒక మధ్యాహ్నం ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదవడం. వారం గడిచేలోపు తేడా కనిపించింది. పడక ఎక్కాక నిద్రకు పట్టే సమయం పావుగంటకు దిగింది, అర్ధరాత్రి సుదీర్ఘ మెలకువలు పోయాయి. చిట్టా 88 చూపించింది, పావుగంట పెంచాను.

ఇది చికిత్సే గానీ జీవన విధానం కాదు. 2003లో వచ్చిన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో రోజుకు ఆరు గంటలే పడకలో ఉన్నవాళ్ల ఏకాగ్రత రెండు వారాల్లో, ఒకటి రెండు రాత్రులు పూర్తిగా జాగారం చేసినవాళ్ల స్థాయికి దిగజారింది. తాము అంతగా దిగజారామని మాత్రం వాళ్లకు అనిపించలేదు. ఆరు గంటలు నాకు చాలు అని గర్వంగా చెప్పుకునేవాళ్లను చూసినప్పుడల్లా ఆ చివరి ముక్కే గుర్తొస్తుంది. అమెరికాలోని రెండు నిద్ర వైద్య సంఘాలు 2015లో పెద్దలకు కనీసం ఏడు గంటలు అని తేల్చాయి. నా గమ్యమూ అదే, పావుగంట చొప్పున.

ఆదివారాలు

సెలవు రోజున కూడా దీపం ఆరింటికే వెలగాలా? వెలగాలి అంటాను నేను. వారమంతా ఆరింటికి లేచి ఆదివారం తొమ్మిదింటికి లేస్తే, విమానం ఎక్కకుండానే మూడు గంటల తేడా ఉన్న దేశానికి వెళ్లి వచ్చినట్టు. జీవ గడియారాల పరిశోధకుడు టిల్ రోనెబెర్గ్ బృందం 2006లో దీన్ని సోషల్ జెట్‌లాగ్ అంది. రాజీ కుదిరింది: ఆదివారం అరగంట ఆలస్యం, మధ్యాహ్నం మూడు లోపు ఇరవై నిమిషాల కునుకుకు అనుమతి. ప్రోగ్రాంలో వారానికి ఒక వేళ కాక రోజుకో వేళ పెట్టే వీలు ఇచ్చాను. ఆ వీలు ఆదివారానికి తప్ప వాడడం లేదు.

గురక సంగతి

నా మెలకువల చిట్టా రాస్తుంటే అనుకోనిది ఒకటి బయటపడింది. చాలా మెలకువల పక్కన ‘గురక’ అని రాసి ఉంది. నాది కాదు. గురక ఎత్తుగా సాగి, ఉన్నట్టుండి ఆగి, పది పదిహేను సెకన్ల తర్వాత ఉక్కిరిబిక్కిరిగా మళ్లీ మొదలవుతోంది. దిండు తగలగానే నిద్రపోయే మనిషిని చూసి అందరమూ అసూయపడతాం. పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడ కునికేవాళ్ల నిద్ర సరిపోవడం లేదని అర్థం.

ఆస్ట్రేలియా వైద్యుడు మర్రే జాన్స్ 1991లో పగటి మగతను కొలవడానికి రూపొందించిన ఎప్‌వర్త్ ప్రశ్నలు ఎనిమిది మా ఆయన ముందు పెట్టాను. కూర్చుని చదువుతుంటే కునుకు వస్తుందా, బండిలో ప్రయాణిస్తుంటే వస్తుందా, ఇలాంటివి. మొత్తం 24కు 10 దాటితే ఆలోచించాలి. ఆయనకు 13 వచ్చింది. నవ్వేశారు, తర్వాత నవ్వలేదు. గొంతులో గాలి దారి మూసుకుపోయి ఊపిరి ఆగే ఈ జబ్బుకు, ముక్కు మీద ముసుగుతో గాలి ఒత్తిడి ఇచ్చే యంత్రాన్ని ఆస్ట్రేలియాకే చెందిన వైద్యుడు కాలిన్ సలివన్ 1981లోనే ప్రపంచానికి చూపించాడు. ముందు రాత్రి పరీక్ష జరగాలి. తేదీ తీసుకున్నాం.

ఇప్పటి పరిస్థితి

దీపం రోజూ వెలుగుతోంది. చాలా రోజులు పూర్తి వెలుగు రాకముందే లేస్తున్నాను. మొదట్లో భయానికి పెట్టుకున్న అలారం ఇంకా తీయలేదు, మోగే అవసరం దాదాపు రావడం లేదు. పడకలో ఏడుంపావు గంటలకు వచ్చాను, నిద్ర ఆరున్నర దగ్గర ఉంది. అంటే 90 శాతం. బండి తాళాలు తిరిగి నా దగ్గరికి వచ్చాయి.

మిగిలిన పనులు: పెట్టెకు గాలి రంధ్రాలు వేయాలి, పూర్తి వెలుగులో అరగంట ఉంచితే కన్వర్టర్ కాస్త వేడెక్కుతోంది. బోర్డు మీది ఎర్ర చుక్కకు వేసిన టేపు ఊడుతోంది, ఆ ఎల్‌ఈడీ పక్కనున్న రెజిస్టర్‌నే తీసేస్తాను. రెండో తీగకు ముదురు పసుపు పట్టీ తగిలించి సాయంత్రం తొమ్మిది నుంచి వెలుగు మెల్లగా దిగేలా చేయాలి. మెట్లు అవే, లెక్క తిరగేస్తే చాలు. ఆయన పరీక్ష ఫలితం వచ్చాక, ఆయన వైపు ఇంకో దీపం కావాలో ఉన్నదే చాలో చూడాలి.